విశాఖలో పెద్ద సెన్సార్ కాంపాక్ట్ కెమెరా: సెన్సార్ కంటే ముందు లెన్స్ చూసి ఎంచుకోండి

ఈ తరగతి కెమెరాల్లో లెన్స్ ఊడిరాదు. సెన్సార్‌తో (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్) కలిపి ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. తీరా కొన్నాక దాని చూపు ఇరుకనిపించినా, లోపల ఫంగస్ పట్టినా, ఇసుక చేరి గొట్టం ఇరుక్కుపోయినా ఇంకో లెన్స్ పెట్టుకునే వీలు ఉండదు. డబ్బా మీద సెన్సార్ పేరు ఎంత పెద్దగా రాసి ఉన్నా, మీరు నిజానికి కొంటున్నది ఒక లెన్స్, దానికి అంటిపెట్టుకున్న ఒక సెన్సార్. విశాఖలాంటి సముద్రం ఊళ్లో అయితే ఇంకో ప్రశ్న కూడా ముందే వేసుకోవాలి: ఆ లెన్స్ ఉప్పుగాలిని ఎంత లోపలికి పీల్చుకుంటుంది?

ఇక్కడ పోల్చేవి నాలుగు రకాలు. రికో జీఆర్ 3 (2019), దాని జోడీ జీఆర్ 3ఎక్స్ (2021). ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీఐ (2024). కెనాన్ జీ1ఎక్స్ మార్క్ 3 (2017), ఇది ఇప్పుడు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే కనిపిస్తుంది. ఇవన్నీ ఏపీఎస్-సీ అనే పెద్ద సైజు సెన్సార్‌వి. వీటి పక్కన 1 అంగుళం తరగతి సెన్సార్ ఉన్న సోనీ ఆర్‌ఎక్స్100 సెవెన్, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 (రెండూ 2019). ఇంకా పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ ఉన్న లైకా క్యూ3 వంటి కెమెరాలను పక్కన పెట్టాం. 743 గ్రాముల కెమెరా ఎంత గొప్పదైనా జేబులో వేసుకునేది కాదు, ధర సంగతి సరేసరి.

పెద్ద సెన్సార్ ఎప్పుడు గెలుస్తుంది, ఎప్పుడు ఓడిపోతుంది

1 అంగుళం సెన్సార్ అసలు కొలత 13.2 × 8.8 ఎంఎం, వైశాల్యం సుమారు 116 చదరపు ఎంఎం. జీఆర్, ఎక్స్100వీఐల్లోని ఏపీఎస్-సీ 23.5 × 15.6 ఎంఎం, అంటే దాదాపు 367. మూడు రెట్ల పైమాటే. ఒకే అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం), ఒకే షటర్ వేగం (సెన్సార్ వెలుగు తీసుకునే సమయం) దగ్గర మూడు రెట్ల వెలుతురు పోగవుతుంది. స్టాప్‌ల లెక్కలో (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఇది ఒకటిన్నర కంటే కాస్త ఎక్కువ. దుకాణంలో చెప్పే మాట ఇక్కడితో ఆగిపోతుంది. అసలు లెక్క మాత్రం ఇక్కడే మొదలవుతుంది.

జీ1ఎక్స్ మార్క్ 3నే తీసుకోండి. దీని లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24-72 ఎంఎంకి సమానం (అంకె చిన్నదైతే చూపు వెడల్పు, పెద్దదైతే దూరంవి దగ్గరవుతాయి). 24 దగ్గర ఎఫ్ 2.8 తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది), 72కి వచ్చేసరికి ఎఫ్ 5.6కి కుంచించుకుపోతుంది. అదే కంపెనీ జీ7ఎక్స్ మార్క్ 3 చిన్న సెన్సార్‌దే, కానీ లెన్స్ 24 దగ్గర ఎఫ్ 1.8, 100 ఎంఎం చివర కూడా ఎఫ్ 2.8. అంటే 72 దగ్గర రెండింటి మధ్య లెన్స్ తేడా రెండు స్టాప్‌లు. కెనాన్ ఏపీఎస్-సీ కాస్త చిన్నది కాబట్టి సెన్సార్ వల్ల వచ్చే లాభం ఒకటిన్నర స్టాప్. రెండు పోగా అర స్టాప్ నష్టం పెద్ద సెన్సార్‌కే! పెళ్లిలో కాస్త దూరం నుంచి ముఖాలు తీయాలంటే, మూడు రెట్ల సెన్సార్‌కి డబ్బు పోసిన మనిషికి చిన్న సెన్సార్ కంటే ఎక్కువ నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుంది. వైడ్ చివర రెండూ ఇంచుమించు సమానం. జీ1ఎక్స్ మార్క్ 3కి మిగిలే బలాలు వేరే ఉన్నాయి: దుమ్ము, తుంపరలు తట్టుకునే సీలింగ్, వ్యూఫైండర్, నమ్మదగిన ఆటోఫోకస్. వాటి కోసం కొనండి. సెన్సార్ కోసమే అయితే వద్దు.

పెద్ద సెన్సార్ లాభం పూర్తిగా చేతికి రావాలంటే లెన్స్ కూడా వెడల్పుగా తెరుచుకోవాలి. అంత చిన్న బాడీలో అది ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్‌తోనే కుదురుతుంది. జీఆర్ 3లో ఎఫ్ 2.8, ఎక్స్100వీఐలో ఎఫ్ 2. జూమ్ వదులుకుంటేనే సెన్సార్ దక్కుతుంది. ఇది గ్లాసు, దూరం, బరువుల లెక్క, ఏ కంపెనీ అయినా తప్పించుకోలేదు.

28, 35, 40: పూర్ణా మార్కెట్‌లో తేలిపోతుంది

జీఆర్ 3 చూపు 28 ఎంఎం, ఎక్స్100వీఐది 35, జీఆర్ 3ఎక్స్‌ది 40. అంకెల్లో దగ్గరగానే కనిపిస్తాయి, సందులో నిలబడితే తెలుస్తుంది. పూర్ణా మార్కెట్ ఇరుకుల్లో బండికీ మీకూ మధ్య మీటరు దూరం ఉంటే 28తో మనిషి, తక్కెడ, వెనక దుకాణం బోర్డు అన్నీ పడతాయి. 40తో మనిషి, తక్కెడ మాత్రమే. అదే కైలాసగిరి మీద తీరం వంపు తీయాలంటే 28 హాయిగా ఉంటుంది. ఇంట్లో పిల్లల ముఖం తీయాలంటే 28తో దగ్గరకెళ్లినకొద్దీ ముక్కు పెద్దదవుతుంది, 40తో ముఖం ముఖంలా ఉంటుంది.

జీఆర్ గొప్పతనం స్నాప్ ఫోకస్. దూరం ముందే పెట్టుకుంటే, షటర్ బటన్‌ని ఆగకుండా ఒక్కసారి పూర్తిగా నొక్కగానే కెమెరా ఫోకస్ వెతుక్కోకుండా ఆ దూరానికే వెళ్లిపోతుంది. జీఆర్ 3లో దూరం 2 మీటర్లు, అపర్చర్ ఎఫ్ 8 పెడితే సుమారు 1 మీటరు నుంచి వీధి చివరిదాకా స్పష్టంగా ఉంటుంది. జీఆర్ 3ఎక్స్‌లో అవే అంకెలు పెడితే స్పష్టత సుమారు 1.4 మీటర్ల నుంచి 3.8 మీటర్ల వరకే. వీధిలో కదిలే మనుషుల్ని తీసేవాళ్లకి ఈ ఒక్క తేడా చాలు, 28 వైపు వెళ్లడానికి. ఎఫ్ 8కి వెలుతురు కావాలి, అది గుర్తుంచుకోండి. పగలు ఐఎస్‌ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, పెరిగితే నాయిస్ పెరుగుతుంది) ఆటోలో, గరిష్ఠం 3200, కనిష్ఠ షటర్ 1/250 సెకను పెట్టుకుంటే మార్కెట్ నీడల్లో కూడా పని నడుస్తుంది.

చూపు చాలకపోతే క్రాప్ ఉంది, అంటే ఫొటో అంచులు కత్తిరించడం. జీఆర్ 3ని 35కి క్రాప్ చేస్తే 15 మెగాపిక్సెల్స్, 50కి చేస్తే 7 మిగులుతాయి. ఎక్స్100వీఐలో 40 మెగాపిక్సెల్స్ ఉండటం వల్ల 50 ఎంఎం క్రాప్‌లోనూ దాదాపు 20 మిగులుతాయి. ఒక్క లెన్స్‌తో బతకడం కష్టమని భయపడేవాళ్లకి ఆ 40 మెగాపిక్సెల్స్ ఉపయోగం ఇదే.

జీఆర్ 3 బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు, మందం 33 ఎంఎం. చొక్కా జేబులో పడుతుంది. ఎక్స్100వీఐ 521 గ్రాములు, మందం 55 ఎంఎం. మెడలో వేలాడాల్సిందే. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు తీసుకెళ్దామా వద్దా అని ఆలోచించాల్సిన కెమెరా, ఆలోచించకుండా జేబులో పడే కెమెరా రెండూ ఒకటి కావు. మొదటి రకమే మీకు సరిపోతే చిన్న మిర్రర్‌లెస్ బాడీ, ఒక చిన్న ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ కూడా చూడండి. బరువు దాదాపు అంతే, లెన్స్ మార్చుకునే స్వేచ్ఛ అదనం.

జీఆర్ లోపాలు దాచాల్సినవి కావు. వ్యూఫైండర్ లేదు, స్క్రీన్ కదలదు. ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి ఆ స్క్రీన్ మీద మీ ముఖమే కనిపిస్తుంది. కెమెరా పైనున్న హాట్‌షూ పట్టాలో పెట్టుకునే ఆప్టికల్ ఫైండర్ కొంటే ఫ్రేమ్ తెలుస్తుంది, ఫోకస్ పడిందీ లేనిదీ తెలియదు. జీఆర్ 3లో ఫ్లాష్ లేదు. వీడియో 1080 దగ్గరే ఆగిపోతుంది. బ్యాటరీ ఒక చార్జికి 200 ఫొటోల లెక్క, అరకు రైలెక్కితే బొర్రా స్టేషన్ దాటకముందే అయిపోవచ్చు. కనీసం రెండు అదనపు బ్యాటరీలు ధరలో కలుపుకునే పోల్చండి. 2025లో వచ్చిన జీఆర్ 4లో 250 ఫొటోల బ్యాటరీ, 53 జీబీ లోపలి మెమరీ, ఐదు అక్షాల స్టెబిలైజేషన్ ఇచ్చారు. వ్యూఫైండర్ మాత్రం దానికీ లేదు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్

ఈ నాలుగు రకాల తేడా ఒకేచోట చూడాలంటే హార్బర్‌లో చేపల వేలం జరిగే వేళ చాలు. చీకటి ఇంకా పూర్తిగా విడిపోలేదు, పైన లైట్లు, కింద తడి నేల, బుట్ట నుంచి బుట్టకి కదిలే చేతులు. చేతులు చెదరకుండా రావాలంటే 1/250 కావాలి. స్టెబిలైజేషన్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. అది మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటివాళ్ల చేతిని ఆపదు. ఎక్స్100వీఐ ఎఫ్ 2 దగ్గర ఐఎస్‌ఓ 1600తో వచ్చే ఎక్స్‌పోజర్‌కి జీఆర్‌లో ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 3200 కావాలి. ఆర్‌ఎక్స్100 సెవెన్‌కి వైడ్ చివర ఎఫ్ 2.8లో అదే 3200, కానీ చిన్న సెన్సార్ కాబట్టి చూడ్డానికి జీఆర్‌లో 10000 పెట్టినట్టుంటుంది. అదే సోనీని 200 ఎంఎంకి లాగితే ఎఫ్ 4.5, ఐఎస్‌ఓ 8000. చందువా పొలుసు మీది వెండి మెరుపు పోయి సున్నం పూసినట్టు కనిపిస్తుంది.

లైట్ల కింద ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవకరకం ఎల్‌ఈడీలు, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. ఎలక్ట్రానిక్ షటర్‌తో తీస్తే ఫొటోకి అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. ఈ కెమెరాల మెకానికల్ షటర్ లెన్స్ లోపలే ఉంటుంది, ఫ్రేమ్ మొత్తం ఒకేసారి వెలుగు తీసుకుంటుంది కాబట్టి పట్టీలు రావు. కానీ 1/250లో ఒక ఫొటో వెలుగ్గా, తర్వాతిది చీకటిగా రావచ్చు. వరసగా మూడు నాలుగు తీసుకోండి, లేదా కదలిక తక్కువున్నప్పుడు 1/100కి దిగండి. షటర్ రకం మెనూలో మెకానికల్‌గానే ఉందో లేదో చూసుకోండి. శబ్దం రాకూడదని సైలెంట్ మోడ్ పెట్టి మర్చిపోవడం వల్లే చాలా ఫొటోలు పాడవుతాయి.

చీకట్లో జీఆర్ 3 ఆటోఫోకస్ తడుముకుంటుంది. ఎక్స్100వీఐ మెరుగు. అందరికంటే వేగం ఆర్‌ఎక్స్100 సెవెన్‌ది, సెకనుకు 20 ఫొటోలు, కంటిని పట్టుకుని వదలని ట్రాకింగ్. అలల మీద పరిగెత్తే పిల్లల్ని, రుషికొండ దగ్గర అలల్లో సర్ఫింగ్ చేసేవాళ్లని తీయాలంటే వెలుతురున్నంతసేపూ ఇదే సరైన కెమెరా. 24-200 చూపు 302 గ్రాముల్లో ఇంకెవరూ అంత బాగా ఇవ్వలేదు. ఓడలు దగ్గరగా పడతాయి కదా అని నేవీ ప్రాంతాల్లో మాత్రం జూమ్ తీయకండి, ఫొటోలు నిషేధమన్న బోర్డులు ఊరికే పెట్టలేదు.

మన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పొద్దున్న సముద్రం వెనక పెట్టి మనిషిని తీస్తే ముఖం నల్లబడుతుంది. ఇక్కడ ఎక్స్100వీఐకి సాటి లేదు. లెన్స్‌లోని షటర్ వల్ల చిన్న ఫ్లాష్ కూడా చాలా ఎక్కువ షటర్ వేగంలో పనిచేస్తుంది, పైగా వెలుతురుని నాలుగు స్టాప్‌లు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లోపలే ఉంది, అది ఫ్లాష్ వెలుగునీ తగ్గిస్తుంది కాబట్టి ఇక్కడ ఆఫ్‌లో ఉంచండి. ఎఫ్ 2.8, 1/500, లోపలి ఫ్లాష్, మనిషి ఒకటిన్నర మీటర్ల లోపు: ఆకాశం రంగు నిలుస్తుంది, ముఖం వెలుగుతుంది. ఆకాశం మరీ తెల్లగా వస్తే షటర్ పెంచండి, ముఖం చీకటిగా ఉంటే ఒక అడుగు దగ్గరకి జరగండి.

ఉప్పు, ఇసుక, తేమ

జీఆర్, ఆర్‌ఎక్స్100, జీ7ఎక్స్ ఆన్ చేసిన ప్రతిసారీ లెన్స్ బయటికొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికెళ్తుంది. వచ్చేటప్పుడు లోపల ఖాళీ పెరిగి బయటి గాలిని పీల్చుకుంటుంది, ఆ గాలిలో ఉన్నదంతా లోపలికి పోతుంది. జేబులోని నూలు పీచు కూడా ఇలాగే వెళ్లి సెన్సార్ మీద కూర్చుంటుంది. జీఆర్ 3లో సెన్సార్‌ని వణికించి దుమ్ము దులిపే ఏర్పాటున్నా, జిగురుగా అంటుకున్నది రాలదు. లెన్స్ ఊడదు కాబట్టి మీరు తుడవలేరు. విప్పడం సర్వీస్ సెంటర్ పని.

ఎర్రమట్టి దిబ్బల్లోని ఇసుక సన్నం, గాలి ఆగదు. అక్కడ జీఆర్‌ని మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేయకండి. గాలికి వీపు పెట్టి ఒకసారి తెరిచి, పని అయ్యాక గొట్టం చుట్టూ మెత్తని బ్రష్‌తో తుడిచి, అప్పుడు మూయండి. గొట్టం అంచు సందులోకి బ్లోయర్‌తో ఊదితే ఇసుక బయటికి రాదు, ఇంకా లోపలికి వెళ్తుంది. మూసేటప్పుడు కరకర శబ్దం వస్తే బలవంతంగా మళ్లీ ఆన్ చేయకండి. ఆ ఒక్క ఇసుక రేణువే గేర్ పళ్లు అరగదీసి లెన్స్ ఎర్రర్ తెప్పిస్తుంది, అప్పుడు మొత్తం లెన్స్ యూనిట్ మార్చాలి.

ఎక్స్100వీఐ లెన్స్ మడుచుకోదు, కానీ ఫోకస్ చేసేటప్పుడు ముందుభాగం కొద్దిగా కదులుతుంది. అందుకే అది వెదర్ రెసిస్టెంట్ అని చెప్పే మాట అడాప్టర్ రింగ్, 49 ఎంఎం ప్రొటెక్షన్ ఫిల్టర్ రెండూ బిగించాకే నిజం. రింగ్ లేని ఎక్స్100వీఐని తుంపరలో పెట్టడం, తలుపు తెరిచి గొడుగు పట్టుకున్నట్టే. ఈ రెండూ కెమెరాతోపాటే కొనండి. భారత్‌లో విడుదలప్పుడు కెమెరా ధర 1,59,999, దాని ముందు వీటి ఖర్చు లెక్కలోకి రాదు. బీచ్‌కి దగ్గరగా ఇల్లున్నవాళ్లు నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలంటే, ఈ ఒక్క కారణం మీదే ఎక్స్100వీఐ వైపు మొగ్గవచ్చు. నీళ్లలో ముంచడానికి మాత్రం ఏదీ పనికిరాదు.

ఉప్పు ఎండితే పోదు. గాలిలో తేమ దొరకగానే మళ్లీ తడి అవుతుంది, లోహాన్ని తింటూనే ఉంటుంది. తీరం నుంచి ఇంటికి రాగానే మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ అంతా తుడవండి, తర్వాత పొడిగుడ్డ. ఈ పని లెన్స్ మూసి ఉన్నప్పుడే. లెన్స్ అద్దం మీద చుక్కలు కనిపిస్తే ముందు బ్లోయర్, తర్వాతే లెన్స్ ద్రవం. పొడిగా రుద్దితే ఉప్పు కణాలే గీతలు పెడతాయి.

ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మసకబారడం ఇక్కడ రోజూ జరిగేదే. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల కంటే చల్లటి వస్తువేదైనా తగిలితే నీరవుతుంది. మీ కెమెరా 24 డిగ్రీల గదిలోంచి వచ్చింది కదా. బయల్దేరేముందే జిప్ కవర్లో మూసి సంచిలో పెట్టండి, బయట 20-30 నిమిషాలయ్యాక తీయండి. తొందరపడి లెన్స్ తెరిస్తే ఆ చెమ్మ లోపలి గాజులకీ పడుతుంది. లంబసింగి చలిలోంచి వెచ్చటి కారులోకి ఎక్కేటప్పుడూ ఇదే జాగ్రత్త, కవర్లో మూయాల్సింది ఎక్కకముందే.

నిల్వకి ఖరీదైన డ్రై క్యాబినెట్ లేకపోయినా గాలి చొరని రబ్బరు అంచు డబ్బా, ఒక సిలికాజెల్ సంచి, లోపల చిన్న తేమ మీటర్ చాలు. 40-50 శాతం మధ్య ఉంచండి. తేమ ఎక్కువ రోజులు 60 దాటి ఉంటే ఫంగస్ భయం. జెల్ రంగు మారితే సన్నసెగ మీద మందపాటి గిన్నెలో వేడిచేసి, పూర్తిగా చల్లారాక తిరిగి పెట్టండి. బియ్యం డబ్బాలో మాత్రం కెమెరా పెట్టకండి, బియ్యపు పిండి సందుల్లోకి చేరుతుంది. వాడకుండా నెలల తరబడి దాచిన కెమెరాకే ఫంగస్ త్వరగా పడుతుంది, వారానికొకసారైనా తీసి వాడండి.

సెకండ్‌హ్యాండ్ అయితే

ముందు ట్రైపాడ్ మర బిగించే రంధ్రం, హాట్‌షూ పట్టాల మూలలు, బ్యాటరీ గదిలోని స్ప్రింగు చూడండి. తుప్పు, పచ్చటి పూత కనిపిస్తే ఆ కెమెరా సముద్రం చూసింది. బయట ఎంత మెరుస్తున్నా వదిలేయండి. తర్వాత అపర్చర్ ఎఫ్ 16కి తిప్పి (1 అంగుళం సెన్సార్ కెమెరాలు రెండింట్లో ఎఫ్ 11 వరకే ఉంటుంది) ఫోకస్ దగ్గరికి పెట్టి, ఖాళీ ఆకాశాన్నో తెల్ల గోడనో తీయండి. పూర్తి సైజులో పెద్దది చేసి అంచు నుంచి అంచుకి చూస్తే దుమ్ము బూడిదరంగు మచ్చల్లా బయటపడుతుంది. మూలల్లో ఒకటి రెండైతే బేరం తగ్గించి తీసుకోవచ్చు, నడిమధ్యలో ఉంటే శుభ్రం చేయించే ఖర్చు ముందే కనుక్కోండి. ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి లెన్స్‌లోకి వేసి చూస్తే ఫంగస్ సాలీడు గూడు పోగుల్లా కనిపిస్తుంది. ఫిక్స్‌డ్ లెన్స్‌లో ఫంగస్ ఉంటే ఏ ధరకీ వద్దు.

పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్స్ శబ్దం ఒకేలా ఉందో వినండి. వెనక డయల్ ఒక్కో మెట్టు తిప్పి, తిప్పిన దిక్కుకే అంకె మారుతోందో చూడండి. సోనీలో పైకి లేచే వ్యూఫైండర్, ఫ్లాష్ రెండూ నాలుగైదుసార్లు లేపి దించండి.

కొత్తదైతే బిల్లు మీద జీఎస్‌టీ నంబరు, సీరియల్ నంబరు రెండూ ఉండాలి. కార్డు మీద భారత్ వారంటీ అని స్పష్టంగా ఉందో లేదో అక్కడే చదవండి. విదేశం నుంచి తెచ్చిన కెమెరా చవకగా వస్తుంది, కానీ ఈ తరగతిలో మరమ్మతంటే లెన్స్ యూనిట్ మొత్తమే. ఆ యూనిట్ ధర, ఎన్ని రోజులు పడుతుంది, కెమెరాని ఏ ఊరు పంపుతారు అన్న మూడూ డబ్బు కట్టకముందే కౌంటర్‌లో అడగండి. ఎఫ్ 16 పరీక్ష కొత్త కెమెరాకీ చేయండి, అదీ మార్పిడి గడువు లోపే.